శరత్తులో హాజరు పట్టీ

ఏటా మే నెల రాగానే టీవీ వార్తల్లో రెంటచింతల పేరు వినిపిస్తుంది. ఈరోజు ఎన్ని డిగ్రీలు, నిన్నటి మీద ఎంత ఎక్కువ, మధ్యాహ్నం పూట బయటికి వెళ్ళొద్దు. నడికుడి నుంచి మాచర్ల పోయే రైలుదారిలో ఉన్న ఈ ఊరి గురించి చాలామందికి తెలిసింది ఆ అంకె ఒక్కటే. బడి వైపు నుంచి చూస్తే మే నెల అసలు లెక్కలోకే రాదు, అప్పుడు గదులకి తాళాలు వేసి ఉంటాయి. అక్కడి ప్రాథమిక పాఠశాలలకి గడ్డుకాలం వేరే ఉంది. వినాయక చవితి వెళ్ళాక మొదలై, దసరా, దీపావళి మీదుగా కార్తీకం దాటేదాకా సాగే కాలం అది. కావ్యాల్లో దాన్ని శరత్తు అంటారు. వెన్నెలా, రెల్లుపూలూ, తేటపడ్డ నీళ్ళూ. పల్నాటి నల్లరేగడిలో అది పత్తికాయ పగిలే కాలం.

ఆ మూడు నెలల్లో చిన్న తరగతి పిల్లవాడి పగలు ఎవరిది? బడిదా, ఇంటిదా, చేనిదా? ఆ పగటి కోసం ఎవరు ఎవరికి ఏం చెల్లించారు? రెండొందల ఏళ్ళలో ఈ లెక్క ఎలా మారుతూ వచ్చిందో చూద్దామనే ఈ వ్యాసం.

నేను ప్రాథమిక పాఠశాలలో చదివింది రెంటచింతల చుట్టుపక్కల ఊళ్ళోనే, 90ల్లో. రెండు గదులు, ఒక వసారా, అయిదు తరగతులు, ఇద్దరు మాస్టార్లు. అంటే ఏ గంటలో చూసినా కనీసం మూడు తరగతులు వాటంతట అవే నడుస్తుండాలి. అయిదో తరగతి వాడొకడు నిలబడి ఎక్కాలు చెప్తుంటే చిన్నవాళ్ళు వంత అందుకునేవాళ్ళు. బలపం గోరంత అయ్యేదాకా రాయడం, పలక మీద ఉమ్మేసి చొక్కా చేత్తో తుడవడం. దసరా సెలవలకి ముందు బొగ్గూ ఆకుపసరూ కలిపి నూరి నల్లబల్లకి పూసేవాళ్ళం. ఆ పూట పాఠం ఉండదు కాబట్టి సెలవలు ఒకరోజు ముందే వచ్చినట్టు ఉండేది.

పొద్దున ప్రార్థన అవగానే హాజరు. జూన్ నుంచి ఆగస్టు దాకా పేరు పిలవడం ఆలస్యం, 'ప్రెజెంట్ సార్' అని అరుపు. సెప్టెంబరు చివరికి అక్కడక్కడా జవాబు వచ్చేది కాదు. అక్టోబరు, నవంబరుల్లో వరసగా నాలుగైదు పేర్లకి పలికేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. మాస్టారు తల ఎత్తకుండానే గుర్తు పెట్టుకుని తర్వాతి పేరు చదివేవారు. ఎక్కడికి పోయారని అడిగేవారు కాదు. ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆదివారం చేనికి వెళ్తే మా తరగతి వాళ్ళు కనపడేవాళ్ళు. తల్లుల పక్కన, నడుముకి ఒడి కట్టుకుని, మా పత్తే ఏరుతూ.

పత్తి ఏరినందుకు కూలి రోజుకింత అని కాకుండా కిలోకింత అని ఇవ్వడం మా వైపు ఉన్న పద్ధతి. సగం సంగతి ఇందులోనే ఉంది. రోజుకూలి అయితే ఆసామి పెద్దవాళ్ళనే పిలుస్తాడు. కిలో లెక్క అయితే కాటా వయసు అడగదు. తొమ్మిదేళ్ళ పిల్ల ఏరిన కాసిని కిలోలు కూడా అమ్మ మూటలో కలిసిపోతాయి. చెట్టు ఎత్తు కూడా ఆ వయసు చేతికి అందేదే. పైగా కాయ అంతా ఒక్కసారి పగలదు. ఒకే చేనుని రెండు మూడు విడతలుగా ఏరాలి. కాబట్టి పిల్లవాడు ఒక వారం పోయి వచ్చేస్తాడనుకోవడానికి లేదు. పోతాడు, వస్తాడు, మళ్ళీ పోతాడు. వచ్చినప్పుడల్లా పాఠం ఇంకో మెట్టు పైన ఉంటుంది.

ఇక వెనక్కి వెళ్దాం. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కింద ఉన్న కలెక్టర్లందరినీ బడుల లెక్క అడిగాడు. 1826 మార్చి నాటికి తేలిన మొత్తం 12,498 బడులు. అందులో గుంటూరు జిల్లావి 574. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి ఊరుకుంటే, బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో మాత్రం తరగతి లోపలి మనుషులు కనిపిస్తారు. అప్పటి బళ్ళారి జిల్లాలో ఆదోని ప్రాంతం కూడా ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

క్యాంబెల్ రాసిన దాని ప్రకారం అయిదో ఏట పిల్లవాడి ఇంటికి పంతులుగారూ, బడి పిల్లలూ వచ్చి గణపతి ముందు కూర్చుంటారు. బియ్యంలో వేలు పట్టి మొదటి అక్షరాలు రాయిస్తారు. మర్నాటి నుంచి బడి. పొద్దున ఆరింటికే మొదలు. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం లెక్క సున్నా నుంచి మొదలుపెడతామని అందరూ నవ్వుతారు గానీ వీధిబడిలో ఆ పని ఎప్పుడో చేశారు. బద్ధకస్తుడికి చేతులు కట్టి కప్పుకి వేలాడదీయడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి లేపడం కూడా ఆ నివేదికలో ఉన్నాయి. మొదటిది మన పెద్దవాళ్ళు కోదండం అనేది, రెండోది గుంజీలకి దగ్గరి చుట్టం.

పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పే పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సరైన పనే అన్నాడు. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని వాడి, 1797లో దాని గురించి పుస్తకం అచ్చువేశాడు. ఆ దారినే అది ఇంగ్లండు చేరింది. మా వసారాలో ఎక్కాలు చెప్పిన అయిదో తరగతి కుర్రాడికి ఇంత వంశవృక్షం ఉంది. ఇద్దరు మాస్టార్లతో అయిదు తరగతులు నడపడానికి అదొక్కటే దారి అన్నది వేరే సంగతి.

క్యాంబెల్ అంకెలు చూడండి. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు. సగటున బడికి పన్నెండు మంది చిల్లర. వాళ్ళలో ఆడపిల్లలు 60 మంది. ఒకప్పుడు బడులు ఉన్న చాలా ఊళ్ళలో ఇప్పుడు లేవని కూడా ఆయన రాశాడు. కారణం ఊళ్ళు పేదవైపోవడం. ఎందుకు పేదవయ్యాయంటే ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నూలుబట్ట నేసేవాళ్ళ రాబడి పడిపోవడం. పత్తికీ బడికీ పేచీ నాటిది నేటిది కాదన్నమాట. అప్పుడు మగ్గం ఆగి పిల్లవాడు బడి మానాడు. మా కాలంలో చేను పండి మానాడు.

ఆ బడిపంతులికి సర్కారు జీతం లేదు. పిల్లల ఇళ్ళ నుంచి వచ్చే నెల డబ్బు, గింజలు, పండగ కట్నాలే ఆధారం. ఆ ఏడాది రాబడిలో పెద్దది దసరాది. ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళని కదిపితే చెప్తారు. రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబులు, వాటిలో పూలూ బుక్కాపొడీ. పంతులుగారు వెనక, కొత్తబట్టలు కట్టుకున్న పిల్లలు ముందు, ఇంటింటికీ వెళ్ళి పద్యాలు పాడటం. ఆ సందర్భంలో అందరికీ తెలిసిన పాటలో అయ్యవారి వాటా, పిల్లల వాటా విడివిడిగా చెప్పి ఉంటాయి. అయ్యవారికి డబ్బు, పిల్లలకి తినుబండారం. ఎవరింటి ముందు ఎంతసేపు పాడాలో కూడా ఇచ్చే చెయ్యిని బట్టే ఉండేదట.

దీన్ని మనం ముచ్చటగా గుర్తుచేసుకుంటాం. కాసేపు జమాఖర్చు పుస్తకంగా చదవండి. తరగతి గది ఆ వారం వీధిలోకి వచ్చింది. పిల్లవాడు తను నేర్చుకున్నది గడప ముందు అప్పజెప్పాడు. ఇంటివాళ్ళు విని, మెచ్చి, డబ్బు వేశారు. పరీక్ష, ఫలితం, ఫీజు మూడూ ఒక్క గుమ్మం ముందు అయిపోయాయి. పంతులుగారి ఏడాది బతుకు పిల్లవాడి గొంతు మీద ఆధారపడింది. ఆ శరత్తులో పిల్లవాడి పగలు బడిదే, కానీ ఆ పగటిని బడి తన తిండి కోసం వాడుకుంది. దానికి పెట్టిన పేరు దసరా మామూలు. అదే మాట ఇవాళ పోలీస్ స్టేషన్ దగ్గరా, ఆఫీసు కిటికీ దగ్గరా వినిపిస్తుంది. జీతం లేని చోట మామూలు ఉంటుందన్న న్యాయం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఆ ఊరేగింపు వెళ్ళని వీధులు ఉన్నాయి, అందులో నడవనివ్వని పిల్లలూ ఉన్నారు. పల్నాడులో వాళ్ళ కథ వేరే చోట మొదలవుతుంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాలకి మకాం మార్చాడు. రెంటచింతలకి గురజాల పక్కూరే. వీధిబడి అరుగు ఎక్కనివ్వని పిల్లలకి ఈ ప్రాంతంలో అక్షరాలు చాలావరకు మిషన్ బడుల దారినే వచ్చాయి. బడి తలుపు తెరిచినంత మాత్రాన లోపల అంతా బాగుందని కాదు. ఇప్పటి పల్నాడు జిల్లాలోనే ఉన్న వినుకొండలో 1895 సెప్టెంబరు 28న పుట్టిన గుర్రం జాషువాకి బడిలో చేరాకే కులం పేరుతో ఎగతాళి మొదలైంది. ఆయనే తర్వాత గుంటూరులో లూథరన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో మాస్టారుగా పనిచేశాడు. ఆ శరత్తులో పుట్టిన పిల్లవాడు ఏ దసరా ఊరేగింపులో ముందు నిలబడగలిగేవాడు అన్న ప్రశ్న వేసుకుంటే, మామూలు ముచ్చట కొంచెం చేదెక్కుతుంది.

1884 స్థానిక బోర్డుల చట్టం తర్వాత బడులు మెల్లగా బోర్డుల కిందికి వచ్చాయి. పంతులుగారు జీతగాడయ్యాడు. బోర్డు బడి, తర్వాత సమితి బడి, తర్వాత మండల పరిషత్ బడి. ఇంటింటికీ తిరగాల్సిన పని తప్పింది. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. పిల్లవాడు వచ్చినా రాకపోయినా మాస్టారి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఊరికీ బడికీ మధ్య లెక్కల బంధం తెగింది. అది తెగడం మంచిదే. కానీ దాని చోట ఏం పెట్టాలన్నది ఎవరూ ఆలోచించలేదు.

1953లో ఒకాయన ఆలోచించాడు, తప్పుదారిలో. రెంటచింతల అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ఆ ఏడాది గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకి కొత్త పథకం తెచ్చాడు. బడి రోజుకి మూడు గంటలే. మిగతా పూట పిల్లవాడు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. రెండు పూటలా రెండు జట్లు పెడితే ఉన్న మాస్టార్లతోనే ఎక్కువమందికి చదువు చెప్పొచ్చన్నది లెక్క. కాగితం మీద చక్కటి ఆప్టిమైజేషన్. ద్రవిడ ఉద్యమం వాళ్ళు దీనికి కులవిద్య పథకం అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచింది. జులైలో శాసనసభే దాన్ని నిలిపివేయాలని తీర్మానించింది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. మద్రాసులో 1954లో కామరాజ్ వచ్చాక పథకం పూర్తిగా పోయింది. పథకం పోయింది గానీ అది ఒప్పుకున్న నిజం పోలేదు. పేదవాడి ఇంటికి పిల్లవాడి చేతులతో పని ఉందన్న నిజం.

ఆ పనిని పల్నాడులో పెంచింది నీళ్ళు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో జొన్నకూటికీ రాళ్ళకీ వెక్కిరింపు తిన్న సీమకి కుడికాలువ వచ్చింది. వరి వచ్చింది, మిరప వచ్చింది, పత్తి పెరిగింది. జొన్న కోత వారం పదిరోజుల పని. పత్తి ఏరుడు నెలల పని. బడికి వెళ్ళే వయసుకీ చేనికి వెళ్ళే వయసుకీ మధ్య గీత ఈ పంటతో ఇంకా పలచబడింది.

సర్కారు రెండోసారి బేరానికి వచ్చింది 1995 ఆగస్టు 15న. కేంద్రం మొదలుపెట్టిన పోషకాహార పథకం కింద 80 శాతం హాజరు ఉన్న పిల్లవాడికి నెలకి 3 కిలోల తిండిగింజలు. మా తరం చూసింది ఇదే. అప్పటిదాకా మాస్టారికి మాత్రమే అవసరమైన హాజరు పట్టీ ఒక్కసారిగా తల్లులకి అవసరమైంది. అటూ ఇటూ కిలోలే. నెలకి 3 కిలోల బియ్యం ఒకవైపు, కాటా మీద రోజూ పడే పత్తి ఇంకోవైపు. ఏది గెలుస్తుందో చెప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండి పెట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం వచ్చింది. దీని విలువ పల్నాడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రెంటచింతలకి దగ్గర్లోని కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. మూడోరోజు మందపోరు, ఆ రోజే చాపకూడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకుంటూ ఏటా ఒక్కరోజు చేసే పని అది. బడిలో అదే పని ఏడాదికి రెండొందల రోజులు జరగాలి. కార్తీకంలో ఆ వరసలో కూర్చోవాల్సిన పిల్లలు కొందరు చేలో సద్ది విప్పుకుంటున్నారంటే, తగ్గింది పాఠం ఒక్కటే కాదు.

ఇప్పుడు ఆదోని దగ్గరికి వద్దాం. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి ఏటా పంట పనుల కాలంలో కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు, పల్నాడు చేలకి వలస వస్తాయి. పత్తి, తర్వాత మిరప. వెనక మిగిలే పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు నడిపారు. అందులో మిగలని పిల్లలు తల్లిదండ్రులతో వచ్చేస్తారు. క్యాంబెల్ ఎవరి బడుల గురించి రాశాడో ఆ సీమ పిల్లల పేర్లు శరత్తులో ఒక జిల్లా పట్టీలో ఉంటాయి, వాళ్ళు ఇంకో జిల్లా చేలో ఉంటారు. మా ఊరి బడిలో వాళ్ళకి సున్నా కూడా పడదు, పట్టీలో పేరే లేదు కాబట్టి.

చట్టాలు లేక కాదు. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్ళలోపు వాళ్ళ పనిని నిషేధించింది. బడి వేళ తర్వాతా, సెలవల్లోనూ ఇంటి పనికీ, కుటుంబం సొంత పనికీ సాయం చెయ్యొచ్చని ఒక కిటికీ వదిలింది. దసరా సెలవలు సరిగ్గా పత్తి కాలంలోనే పడతాయి. కుటుంబం అంతా కలిసి వేరొకరి చేలో ఏరితే అది కుటుంబ పనా, కూలా? కాటా దగ్గర ఈ తేడా ఎవరూ అడగరు.

2020 జనవరి 9న అమ్మఒడి మొదలైంది. బడికి పంపే తల్లికి ఏడాదికి 15 వేలు, 75 శాతం హాజరు నియమం. 2025 జూన్‌లో అది తల్లికి వందనం అయింది. పేరు మారినా 75 శాతం మారలేదు. దసరా మామూలు పక్కన దీన్ని పెట్టి చూడండి. అప్పుడు ఇల్లు బడికి చెల్లించింది, పిల్లవాడు వసూలుకి తిరిగాడు. ఇప్పుడు బడి ఉన్న చోటుకే సర్కారు ఇంటికి చెల్లిస్తోంది, పిల్లవాడు కదలకుండా కూర్చుంటే చాలు. డబ్బు ప్రవహించే దిక్కు పూర్తిగా తిరిగింది. రెండొందల ఏళ్ళలో ఇది పెద్ద మార్పు, మంచి మార్పు అనే నేను అనుకుంటాను. కాటాకి ఎదురు నిలబడగల అంకె మొదటిసారి బడి వైపు వచ్చింది.

కానీ ఆ 75 దగ్గర ఒక చిన్న లెక్క చెయ్యండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు. 25 శాతం అంటే 50 రోజులు. ఏడాది మీద చెదురుమదురుగా 50 రోజులు మానిన పిల్లవాడు జ్వరాలూ పెళ్ళిళ్ళూ పోను ఎలాగో నెట్టుకొస్తాడు. అదే 50 రోజులు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే మానిన పిల్లకి ఒక కాలమే ఉండదు. రెండో తరగతిలో వత్తులు, మూడో తరగతిలో అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు, ఎప్పుడు చెప్పారో ఆమెకి తెలియదు. ఇద్దరి హాజరూ 75 శాతమే. ఇద్దరి తల్లులకీ డబ్బు పడుతుంది. ఏడాది సగటులో శరత్తు కనపడకుండా పోతుంది. సర్వర్ రోజూ ఒకే గంటలో పడిపోతున్నా నెల సగటు బాగుందని రిపోర్టు పంపే వాళ్ళని నేను వృత్తిలో చాలామందినే చూశాను. సగటు చూసి ఎవరూ ఆ గంట సంగతి పట్టించుకోరు.

విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్‌లో రెండు మాటలు ఉన్నాయి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థది. బడి క్యాలెండర్ నిర్ణయించేదీ స్థానిక సంస్థే. అంటే పల్నాటి శరత్తుకి సరిపడే క్యాలెండర్ వేసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. హాజరుని నెలవారీగా విడగొట్టి చూడటం, పత్తి నెలల్లో సున్నాలు ఎక్కువ పడిన పిల్లలకి జనవరిలో ఆ పాఠాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పడం, కోసిగి నుంచి వచ్చిన పిల్ల పేరు ఆ మూడు నెలలకైనా రెంటచింతల పట్టీలో రాసుకోవడం. మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. హాజరు ఇప్పుడు ఎలాగూ ఫోన్‌లోనే వేస్తున్నారు, నెలవారీ లెక్క ఒక్క నిమిషంలో తీయొచ్చు. మే నెల ఉష్ణోగ్రత రోజువారీగా కొలిచి దేశమంతా చెప్పే ఊరికి, నవంబరు నెల హాజరు అదే శ్రద్ధతో కొలవడం కష్టమేం కాదు.